74 ఎపిసోడ్ల సిరీస్, 15 ఎపిసోడ్ల బాక్స్: యానిమే డిస్క్‌లు కొనేవాళ్లకే ఎందుకీ శిక్ష?

నవోకీ ఉరసావా మాంగా ఆధారంగా వచ్చిన 'మాన్‌స్టర్' యానిమే మొత్తం 74 ఎపిసోడ్లు. అమెరికాలో దాని హక్కులు తీసుకున్న విజ్ మీడియా 2009 చివర్లో మొదటి డీవీడీ బాక్స్ వదిలింది. అందులో ఉన్నవి 15 ఎపిసోడ్లు. రెండో బాక్స్ రాలేదు. అమ్మకాలు బాలేవని అక్కడితో ఆపేశారు. ఇంగ్లిష్ డబ్బింగ్ మొత్తం 74 ఎపిసోడ్లకీ అప్పటికే చేసి పెట్టారు, అయినా సరే.

మాన్‌స్టర్ చూసినవాళ్లకి ఇది ఎంత దారుణమో చెప్పక్కర్లేదు. చూడనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా: తను ప్రాణం పోసిన పిల్లాడే పెద్దయ్యాక వరుస హత్యలు చేస్తుంటే, వాడిని వెతుక్కుంటూ తిరిగే డాక్టర్ కథ. అలాంటి థ్రిల్లర్‌ని 15వ ఎపిసోడ్ దగ్గర ఆపేయడం అంటే, రెండున్నర గంటల సినిమాకి టికెట్ తీసుకుంటే అరగంటకే లైట్లు వేసేసి "ఇంక వెళ్లండి" అన్నట్టే. ఇంటర్వెల్ దాకా కూడా రానివ్వలేదు.

తర్వాత జరిగింది ఇంకా తమాషా. ఆస్ట్రేలియాలో సైరన్ విజువల్ అనే చిన్న కంపెనీ ఆ సిరీస్‌ని మొత్తం డీవీడీల మీద తెచ్చింది. అంటే అమెరికాలో ఉన్న ఫ్యాన్, అమెరికాలో తయారైన ఇంగ్లిష్ డబ్బింగ్‌ని డిస్క్ మీద వినాలంటే ఆస్ట్రేలియా నుంచి తెప్పించుకోవాలి. తెప్పించుకున్నాక? డిస్క్ రీజియన్ 4, అతని ప్లేయర్ రీజియన్ 1. అక్కడ పాల్, ఇక్కడ ఎన్‌టీఎస్‌సీ. డబ్బులు కట్టి, షిప్పింగ్ కట్టి, వారాల తరబడి ఎదురుచూసి, చివరికి ట్రేలో డిస్క్ పెడితే స్క్రీన్ మీద ఎర్రర్ మెసేజ్. పైరేటెడ్ కాపీ దించుకున్నవాడికి మాత్రం ఈ తలనొప్పి ఒక్కటి కూడా లేదు. నా కోపం అంతా ఇక్కడే ఉంది. ఈ వ్యవస్థలో నిజాయితీగా డబ్బులు పెట్టేవాడికే అన్ని అడ్డంకులూ.

ఇది ఒక్క మాన్‌స్టర్ గొడవ అయితే దురదృష్టం అనుకుని వదిలేయొచ్చు. కాదు. అమెరికా యానిమే మార్కెట్‌లో ఇది పాత అలవాటు. 2007 సెప్టెంబర్‌లో జెనియాన్ ఎంటర్‌టైన్‌మెంట్ తన సొంత డిస్ట్రిబ్యూషన్ ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు, సగం వాల్యూములు బయటికొచ్చిన సిరీస్‌లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. అప్పట్లో ఒక్కో డిస్క్ మీద మూడు నాలుగు ఎపిసోడ్లు వేసి, రెండు నెలలకోసారి ఒక వాల్యూమ్ చొప్పున అమ్మేవాళ్లు. నాలుగు వాల్యూములు కొన్నవాడి షెల్ఫ్‌లో ఐదో దాని చోటు ఖాళీగా మిగిలిపోయింది. ఆ టైటిల్స్‌లో కొన్నిటిని 2008లో ఫ్యునిమేషన్ తీసుకుని బయటికి తెచ్చింది కాబట్టి కొంతమంది బతికిపోయారు.

అదే 2008 జనవరిలో ఏడీవీ ఫిల్మ్స్ తన వెబ్‌సైట్ నుంచి చాలా టైటిల్స్‌ని చడీచప్పుడు లేకుండా తీసేసింది. ప్రెస్ నోట్ లేదు, వివరణ లేదు. అందులో 'గుర్రెన్ లగాన్' కూడా ఉంది. అది తర్వాత బండాయ్ ఎంటర్‌టైన్‌మెంట్ చేతికి, ఆ తర్వాత ఆనిప్లెక్స్ ఆఫ్ అమెరికా చేతికి వెళ్లింది. ఒక్క సిరీస్‌కి ముగ్గురు యజమానులు. ఇక 2012 జనవరిలో బండాయ్ ఎంటర్‌టైన్‌మెంట్ వంతు. కొత్త డిస్క్‌లు ఇక ఉండవు అని చెప్పేసింది. అప్పటికే ప్రకటించిన 'నిచిజో', 'గోసిక్', 'టర్న్ ఏ గండమ్' రద్దు. నిర్ణయం జపాన్‌లోని మాతృసంస్థది, బాధ మాత్రం ప్రకటన చూసి ఆనందపడ్డ ఫ్యాన్స్‌ది. టర్న్ ఏ గండమ్ రైట్ స్టఫ్ ద్వారా రావడానికి 2015 దాకా ఆగాలి. నిచిజో బ్లూ-రే ఫ్యునిమేషన్ నుంచి 2017లో వచ్చింది. మొదటి ప్రకటన వచ్చినప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లాడు డిస్క్ చేతికొచ్చేసరికి డిగ్రీ పూర్తి చేసేసి ఉంటాడు.

ఎందుకు ఆపేస్తారు?

కంపెనీలన్నీ చెడ్డవి అనేసి చేతులు దులుపుకోవడం సులువే, కానీ లెక్క వేరే ఉంది. విదేశీ డిస్ట్రిబ్యూటర్ జపాన్ నిర్మాణ కమిటీకి ముందే ఒక మొత్తం కట్టాలి. అమ్మకాలు ఎలా ఉన్నా ఆ డబ్బు వెనక్కి రాదు. దాని మీద డబ్బింగ్, సబ్‌టైటిల్స్, ఆథరింగ్, ప్రెస్సింగ్ ఖర్చు. లైసెన్స్‌కి గడువు ఉంటుంది, గడువు అయిపోతే గోడౌన్‌లో మిగిలిన స్టాక్ కూడా అమ్మడానికి వీల్లేని పరిస్థితి వస్తుంది. షాపులు అమ్ముడుపోని డిస్క్‌ల్ని వాపసు పంపేస్తాయి. 2006 జనవరిలో అమెరికాలో మ్యూజిక్‌ల్యాండ్ దివాలా తీసింది. సన్‌కోస్ట్, శామ్ గూడీ లాంటి షాపుల గొలుసు దానిదే, యానిమే డిస్క్‌లు బాగా అమ్మిన చోట్లవి. ఆ దెబ్బ డిస్ట్రిబ్యూటర్ల మీద గట్టిగానే పడింది. పైగా ఫ్యాన్‌సబ్‌లు ఇంటర్నెట్‌లో ఉచితం. సగం వాల్యూములు కొన్న జనం తగ్గిపోతూ వస్తే, చివరి వాల్యూముల దగ్గర ప్రెస్సింగ్ ఖర్చు కూడా రాదు.

ఇదంతా అర్థం చేసుకోగలను. అర్థం కానిది రెండో కారణం: రివర్స్ ఇంపోర్ట్ భయం.

జపాన్‌లో ఒక బ్లూ-రే డిస్క్ మీద సాధారణంగా రెండే ఎపిసోడ్లు వేస్తారు. ధర 6,000 నుంచి 8,000 యెన్ల దాకా. 12 ఎపిసోడ్ల సీజన్ మొత్తం కొనాలంటే ఆరు డిస్క్‌లు, 40,000 యెన్లు దాటిపోతుంది. అక్కడ డిస్క్ అనేది అందరికీ అమ్మే సరుకు కాదు, వీరాభిమాని కోసం చేసే కలెక్టర్ వస్తువు. కొద్దిమందే కొంటారు, ఆ కొద్దిమందే నిర్మాణ ఖర్చులో పెద్ద వాటా మోస్తారు. అదే సీజన్ అమెరికాలో 50 నుంచి 70 డాలర్లకి ఒకే బాక్స్‌లో దొరుకుతుంది. డీవీడీ కాలంలో జపాన్ రీజియన్ 2, అమెరికా రీజియన్ 1 కాబట్టి గోడ ఉండేది. బ్లూ-రే వచ్చాక రెండు దేశాలూ రీజియన్ 'ఏ'లోకి వచ్చాయి, గోడ కూలిపోయింది. జపాన్ ఫ్యాన్ అమెరికా డిస్క్ తెప్పించుకుంటే హాయిగా ఆడుతుంది, పైగా నాలుగో వంతు ధరకి.

ఈ భయంతో హక్కుదారులు చేసిన పనులు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. 2012లో 'పెర్సోనా 4 ది యానిమేషన్' బ్లూ-రే అమెరికాలో వచ్చినప్పుడు అందులో జపనీస్ ఆడియోనే లేదు, ఇంగ్లిష్ డబ్బింగ్ మాత్రమే. జపనీస్ ఆడియో కావాలంటే తక్కువ రిజల్యూషన్ ఉన్న డీవీడీ కొనుక్కోవాలి! అసలు ఫార్మాట్‌కి డబ్బులు ఎక్కువ పెట్టినవాడికి అసలు ఆడియో ఉండదు. కొన్ని డిస్క్‌ల్లో జపనీస్ ఆడియో పెడితే సబ్‌టైటిల్స్ తీసేయడానికి వీలు లేకుండా లాక్ చేస్తారు. ఇంకో దారి, అమెరికాలోనూ జపాన్ ధరే పెట్టేయడం. ఆనిప్లెక్స్ ఆఫ్ అమెరికా 2011లో 'గార్డెన్ ఆఫ్ సిన్నర్స్' సినిమాల బ్లూ-రే బాక్స్‌ని 400 డాలర్ల దగ్గర అమ్మింది. ఆ డబ్బుకి ఇప్పుడు మన దగ్గర మంచి మిడ్ రేంజ్ ఫోన్ వస్తుంది.

మనం ఉన్నది రీజియన్ 'సీ'

ఇప్పుడు మన సంగతికొద్దాం. అమెరికా వాళ్లకి రద్దయిన రిలీజ్‌ల గోల. మనకి రద్దు చేయడానికి అసలు రిలీజ్ అంటూ ఉంటే కదా. బ్లూ-రే ప్రపంచాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు ఇండియాని రష్యా, చైనాలతో కలిపి రీజియన్ 'సీ'లో పడేశారు. డీవీడీలో మనది రీజియన్ 5. యానిమే డిస్క్‌లు ఎక్కువగా తయారయ్యేది జపాన్, అమెరికాల్లో, అంటే 'ఏ'. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో అయితే 'బీ'. మన 'సీ' కోసం యానిమే డిస్క్ వేసే నాథుడు దాదాపు లేడు.

ఆచరణలో దీని అర్థం ఏంటంటే, ఇండియాలో కొన్న డిస్క్ డ్రైవ్ పీఎస్5లో రీజియన్ 'ఏ' లాక్ ఉన్న యానిమే బ్లూ-రే పెడితే ఆడదు. సెట్టింగ్స్‌లో మార్చుకునే ఆప్షన్ కూడా లేదు. అయితే అన్ని డిస్క్‌లకీ లాక్ ఉండదు. లాక్ వేయాలా వద్దా అన్నది పబ్లిషర్ ఇష్టం, చాలా డిస్క్‌లు మూడు రీజియన్లలోనూ ఆడతాయి. కానీ బాక్స్ వెనక 'ఏ' అని ఉన్నా లోపల లాక్ లేకపోవచ్చు. అందుకే కొనేముందు కలెక్టర్లు టెస్ట్ చేసి పెట్టిన సమాచారం వెతుక్కోవడం ఒక పార్ట్ టైమ్ ఉద్యోగం అయిపోయింది.

4కే అల్ట్రా హెచ్‌డీ డిస్క్‌లకి మాత్రం రీజియన్ కోడే లేదు. ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడుతుంది. నా దృష్టిలో ఈ ఫార్మాట్ చేసిన పెద్ద మేలు 4కే కాదు, ఇదే. కాకపోతే రెండు చిక్కులు. టీవీ సిరీస్‌లు 4కేలో చాలా తక్కువ, ఎక్కువగా సినిమాలే. బాక్స్‌లో 4కే డిస్క్‌తో పాటు ఇచ్చే మామూలు బ్లూ-రేకి మళ్లీ లాక్ ఉండొచ్చు, ఎక్స్‌ట్రాలన్నీ తరచుగా దాని మీదే ఉంటాయి.

పీసీలో చూద్దాం అంటే అదో కథ. బ్లూ-రే రీజియన్‌ని డ్రైవ్ కాదు, ప్లేయర్ సాఫ్ట్‌వేర్ చూస్తుంది, మామూలుగా ఐదుసార్ల వరకే మార్చనిస్తుంది. 4కే డిస్క్ అయితే అధికారిక ప్లేయర్లకి ఇంటెల్ ఎస్‌జీఎక్స్ కావాలి. ఇంటెల్ ఏమో 11వ తరం కోర్ ప్రాసెసర్ల నుంచి డెస్క్‌టాప్‌లో ఆ ఫీచర్‌నే పీకేసింది. అంటే లక్ష రూపాయలు పోసి కొత్త పీసీ కట్టినవాడు డబ్బులు పెట్టి కొన్న 4కే డిస్క్‌ని అధికారికంగా చూడలేడు, పాత 8వ తరం మెషీన్ ఉన్నవాడు చూడగలడు. టెక్నాలజీ ముందుకే వెళ్తుంది అని ఎవరు చెప్పారో గానీ.

ఇక కస్టమ్స్. గిఫ్ట్ పేరుతో వచ్చే 5,000 రూపాయల లోపు పార్సిళ్లకి ఉన్న మినహాయింపుని 2019 డిసెంబర్‌లో తీసేశారు. సొంత వాడకానికి కొరియర్‌లో తెప్పించుకునే వస్తువు మీద 2023లో 35 శాతం బేసిక్ డ్యూటీ, దాని మీద సెస్, అంతా కలిపిన దాని మీద 28 శాతం ఐజీఎస్టీ, మొత్తం 77.28 శాతం పడేది. తర్వాత బడ్జెట్‌లో ఆ డ్యూటీ తగ్గించారు, కాబట్టి ఆర్డర్ పెట్టేముందు అప్పటి రేటు చూసుకోండి. 60 డాలర్ల బాక్స్‌కి 25 డాలర్ల షిప్పింగ్ అనుకుంటే, డ్యూటీని షిప్పింగ్ కలిపిన విలువ మీద లెక్కేస్తారు. ఆ పాత రేటు ప్రకారం 85 డాలర్లకి ఇంకో 65 డాలర్లు తగిలేవి. కొరియర్ వాడి క్లియరెన్స్ ఫీజు అదనం. మొత్తం 150 డాలర్లు. 12 ఎపిసోడ్లకి.

నేను తెప్పించుకున్న వాటిలో ఒకటి ఆర్నెల్ల ముందు ప్రీ-ఆర్డర్ చేసిన బాక్స్. విదేశీ ఆన్‌లైన్ షాప్ ఒకటి రిలీజ్‌కి వారం ముందు "ఈ ఐటమ్ మీ దేశానికి పంపలేం" అని ఒక్క లైన్ మెయిల్ పెట్టి ఆర్డర్ కొట్టేసింది. రీఫండ్ వచ్చింది గానీ, కార్డ్ వాళ్ల ఫారెక్స్ చార్జీలు పోనూ వచ్చింది. అప్పటికి లిమిటెడ్ ఎడిషన్ మిగతా చోట్లన్నీ అయిపోయింది. ఆ ఆరు నెలల్లో ఎప్పుడైనా చెప్పి ఉంటే వేరే దారి చూసుకునేవాడిని.

అమెరికా ఫ్యాన్స్‌కి ఈ రుచి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. 2025 ఆగస్టు 29 నుంచి అక్కడ 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేశారు. ఆ గందరగోళంలో జపాన్ పోస్ట్ అమెరికాకి చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం కొన్నాళ్లు ఆపేసింది. జపాన్ నుంచి డిస్క్‌లు, ఆర్ట్ బుక్‌లు తెప్పించుకునే వాళ్లు ఒక్కసారిగా మన పరిస్థితికి వచ్చారు. సంతోషం కాదు గానీ, కొంచెం సానుభూతి మాత్రం ఉంది.

"స్ట్రీమింగ్ ఉంది కదా బ్రో"

ఈ టాపిక్ ఎత్తగానే ఎవరో ఒకరు అనే మాట ఇది. క్రంచీరోల్ మన దేశంలో 2022లో నెలకి 79 రూపాయలకి దిగింది, ఇంకా ఈ డిస్క్‌ల పిచ్చి ఏంటి అని. 79 రూపాయలకి అంత కేటలాగ్ రావడం గొప్ప విషయమే, నేనూ కడుతున్నా. కానీ చందా కట్టడం వేరు, కొనడం వేరు.

ఎవాంజెలియన్ సంగతి చూడండి. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. కొత్త డబ్బింగ్, కొత్త సబ్‌టైటిల్స్. ప్రతి ఎపిసోడ్ చివర వచ్చే 'ఫ్లై మీ టు ద మూన్' పాట జపాన్ బయట చాలా దేశాల్లో మాయం, హక్కుల సమస్య. 25 ఏళ్లుగా ఆ పాటతో ముగిసిన సిరీస్ ఇప్పుడు పియానో మ్యూజిక్‌తో ముగుస్తోంది. పాత ఏడీవీ డీవీడీలు ఉన్నవాడి దగ్గరే పాత డబ్బింగూ ఉంది, పాటా ఉంది. 2021లో జీకిడ్స్ బ్లూ-రే తెచ్చింది, పాత డబ్బింగ్‌ని ఖరీదైన ఎడిషన్లకే పరిమితం చేసింది, ఆ పాట అందులోనూ లేదు. కొత్తగా ఎవాంజెలియన్ చూస్తున్నవాళ్లకి ఏం పోయిందో తెలిసే అవకాశం కూడా లేదు. ఇదే నాకు ఎక్కువ భయం వేసే విషయం.

ఇంకోటి, ఫ్యునిమేషన్ డిజిటల్ కాపీలు. ఏళ్ల తరబడి వాళ్ల బ్లూ-రే బాక్సుల్లో ఒక కోడ్ ఇచ్చేవాళ్లు. అకౌంట్‌లో కొట్టుకుంటే ఆ సిరీస్ డిజిటల్‌గా శాశ్వతంగా మీదే అన్నట్టుగా ప్రచారం చేశారు. సోనీ 2017లో ఫ్యునిమేషన్‌ని, 2021లో 117.5 కోట్ల డాలర్లకి క్రంచీరోల్‌ని కొనేసింది. రెండిటినీ కలిపేసి, 2024 ఏప్రిల్ 2న ఫ్యునిమేషన్ యాప్ మూసేశారు. ఆ డిజిటల్ కాపీలు క్రంచీరోల్‌లోకి రావని చెప్పేశారు. జనం గొడవ చేశాక క్రంచీరోల్ అధ్యక్షుడు రాహుల్ పురిని, సపోర్ట్‌ని సంప్రదించిన కస్టమర్లకి తగిన విలువ ఇచ్చేలా చూస్తున్నామని అన్నారు. ఎవరికి ఎంత, ఏ లెక్కన అన్నది స్పష్టంగా ఎక్కడా పెట్టలేదు. గమనించండి: అదే బాక్స్‌లో వచ్చిన డిస్క్ మాత్రం ఇప్పటికీ ఆడుతోంది. కోడ్ చచ్చిపోయింది, ప్లాస్టిక్ బతికింది.

మధ్యలో 2022లో క్రంచీరోల్, రైట్ స్టఫ్‌ని కూడా కొనేసింది. 1987 నుంచి ఉన్న ఆ షాప్ యానిమే డిస్క్‌లకి అమెరికాలో అతి పెద్ద అడ్డా. ఇంతకుముందు చెప్పిన టర్న్ ఏ గండమ్‌ని బతికించింది వాళ్లే. 2023 అక్టోబర్‌లో ఆ సైట్ మూసేసి క్రంచీరోల్ స్టోర్‌లో కలిపేశారు. స్ట్రీమింగ్ వాడిదే, డిస్క్ పబ్లిషింగ్ వాడిదే, డిస్క్ అమ్మే షాపూ వాడిదే. చందా వ్యాపారం మీద బతికే కంపెనీకి, ఒక్కసారి కొనుక్కుని మళ్లీ డబ్బులు కట్టక్కర్లేని డిస్క్ మీద ఎంత ఉత్సాహం ఉంటుందో మీరే ఊహించుకోండి. ఒకప్పుడు ఒక కంపెనీ వదిలేసిన సిరీస్‌ని ఇంకో కంపెనీ ఎత్తుకునేది. ఎత్తుకునే చేతులు ఇప్పుడు తగ్గిపోయాయి.

క్వాలిటీ గురించి కూడా రెండు మాటలు, ఇది గ్యాడ్జెట్ సైట్ కదా. బ్లూ-రేలో వీడియో 40 ఎంబీపీఎస్ దాకా వెళ్లగలదు. స్ట్రీమింగ్ 1080పీ చాలాసార్లు 10 ఎంబీపీఎస్ లోపే ఉంటుంది. మామూలు సీన్‌లో తేడా తెలీదు. వర్షం, మంచు, నిప్పురవ్వలు, రాత్రి ఆకాశం వస్తే తెలుస్తుంది. ఓలెడ్ టీవీలో నీలం నుంచి నలుపుకి మారే ఆకాశం మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. నిజం చెప్పాలంటే బ్లూ-రే కూడా 8-బిట్టే, ఆథరింగ్ చెత్తగా ఉంటే దానిలోనూ ఈ బ్యాండింగ్ వస్తుంది. డిస్క్ అనగానే అద్భుతం అని నేను అనను. కానీ బిట్‌రేట్ కంటే ముఖ్యమైంది మాస్టర్. 1997లో పోకెమాన్ ఎపిసోడ్ ఫ్లాష్‌ల వల్ల పిల్లలు ఆసుపత్రి పాలయ్యాక, జపాన్ టీవీలో మెరుపులు ఎక్కువున్న సీన్లని మసకగా చేసి ప్రసారం చేస్తారు. డిస్క్‌లో చాలావరకు ఆ మసక తీసేస్తారు, హడావిడిగా గీసిన షాట్లు సరిచేస్తారు. స్ట్రీమింగ్‌లో తరచుగా ఆ టీవీ వెర్షనే ఉండిపోతుంది. మీకిష్టమైన ఫైట్ సీన్ బూడిద రంగులో కనిపిస్తే తప్పు మీ టీవీది కాకపోవచ్చు.

తెలుగు ట్రాక్ ఎక్కడ దాచుకోవాలి?

ఇది అమెరికా ఫ్యాన్స్‌కి లేని, మనకి మాత్రమే ఉన్న సమస్య. 'సోలో లెవలింగ్' ఇప్పుడు తెలుగులో ఉంది. 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' 2025 సెప్టెంబర్‌లో మన థియేటర్లలో తెలుగు డబ్బింగ్‌తో ఆడింది. జిన్‌వూ తెలుగులో మాట్లాడతాడని ఐదేళ్ల క్రితం చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ని కాదు. ఆ డబ్బింగ్ బాగుందా లేదా అన్న గొడవ పక్కన పెట్టండి, అసలు ఉండటమే పెద్ద విషయం.

కానీ ఆ తెలుగు ట్రాక్ ఉన్నది సర్వర్ మీద మాత్రమే. అమెరికా డిస్క్‌లో ఇంగ్లిష్, జపనీస్ ఉంటాయి. జపాన్ డిస్క్‌లో జపనీస్. తెలుగు ట్రాక్ ఉన్న యానిమే డిస్క్‌ని నేను ఇంతవరకు ఎక్కడా చూడలేదు. రేపు లైసెన్స్ గడువు తీరి సిరీస్ వేరే ప్లాట్‌ఫామ్‌కి వెళ్తే, కొత్తవాడు మళ్లీ తెలుగు డబ్బింగ్ చేయిస్తాడా, పాతది కొంటాడా, లేక ఇంగ్లిష్ చాలు అనుకుంటాడా? ఎవాంజెలియన్ ఇంగ్లిష్ డబ్బింగ్‌కే దిక్కు లేనప్పుడు తెలుగుకి ఏం గ్యారంటీ? చిన్నప్పుడు టీవీలో తెలుగులో డోరేమాన్, షిన్‌చాన్ చూసి పెరిగినవాళ్లు ఆ గొంతుల కోసం వెతికి చూడండి. ఎవరో టీవీ నుంచి రికార్డ్ చేసి పెట్టిన మసక క్లిప్పులే గతి. అది పైరసీ అని తిట్టొచ్చు, కానీ ఆ పైరేట్ తప్ప వాటిని దాచినవాడు ఇంకెవడూ లేడు.

మన దగ్గర డిస్క్‌ల మార్కెట్ ఎప్పుడూ లేదు అనుకోకండి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ 28 రూపాయలకి వీసీడీ, 34 రూపాయలకి డీవీడీ అమ్మి తెలుగు సినిమాలతో ఇళ్లు నింపేసింది. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది, అప్పటికే జనం యూట్యూబ్‌కి అలవాటు పడ్డారు. ఇప్పుడు తమాషా ఎలా ఉందంటే, బాహుబలి, ఆర్‌ఆర్‌ఆర్ బ్లూ-రేలు జపాన్‌లో చక్కటి బాక్సుల్లో అమ్మారు. తెలుగు సినిమాని డిస్క్ మీద దాచుకోవాలనుకున్న తెలుగువాడు జపాన్ నుంచి ఇంపోర్ట్ చేసుకోవాలి, రీజియన్ 'ఏ' లాక్ గురించి భయపడాలి. యానిమే ఫ్యాన్స్‌కి ఈ కష్టం కొత్త కాదు కాబట్టి వాళ్లని అడిగితే దారి చెప్తారు.

డిస్క్‌లకి కాలం చెల్లిందన్న మాట కూడా పూర్తిగా కొట్టిపారేయలేను. శామ్‌సంగ్ 2019లో అమెరికాకి కొత్త బ్లూ-రే ప్లేయర్లు ఆపేసింది, 2024 చివర్లో ఎల్‌జీ కూడా తప్పుకుంది. బెస్ట్ బై షాపులు డిస్క్‌లు అమ్మడం మానేశాయి. డిస్క్ ఉన్నా ఆడించే మెషీన్ దొరకని రోజు రావచ్చు. అందుకే 'అన్నీ డిస్క్ మీద కొనండి' అని నేను చెప్పను. చూసి మర్చిపోయే సీజన్‌కి 79 రూపాయలే ఎక్కువ. కానీ పదేళ్ల తర్వాత మళ్లీ చూడాలనిపించేవి మీ లిస్టులో నాలుగైదు ఉంటాయి. వాటికి డిస్క్ కొనండి. సిరీస్ పూర్తి సెట్‌గా వచ్చాకే కొనండి, పార్ట్ 1 చూసి ఆవేశపడకండి. మాన్‌స్టర్ గుర్తుందిగా.

కంపెనీల నుంచి నాకు కావాల్సింది పెద్ద కోరికేం కాదు. డిస్క్ వేయడం గిట్టుబాటు కాకపోతే డీఆర్‌ఎం లేని ఫైల్ అమ్మండి. మ్యూజిక్ పరిశ్రమ ఆ పని ఎప్పుడో చేసింది, మునిగిపోలేదు. అదీ కుదరకపోతే కనీసం 'కొనండి' అన్న బటన్ తీసేయండి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఉన్న చట్టం ప్రకారం, కస్టమర్‌కి ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ వస్తువుకి 'బై' అనే మాట వాడకూడదు. అలాంటి రూల్ మన వినియోగదారుల చట్టంలో పెట్టడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. సిరీస్ సగంలో ఆపేస్తున్నట్టయితే వెబ్‌సైట్ నుంచి పేజీ పీకేయడం కాదు, ముందు వాల్యూములు కొన్నవాళ్లకి చెప్పండి.

ఇండియాలో ఎవరు కొంటారు అంటారా? 2019లో షిన్‌కాయ్ 'వెదరింగ్ విత్ యూ' మన థియేటర్లలోకి వచ్చింది ఫ్యాన్స్ ఆన్‌లైన్‌లో పెట్టిన పిటిషన్ వల్లే. అప్పుడూ ఇదే ప్రశ్న అడిగారు. ఇన్ఫినిటీ క్యాజిల్‌కి తెల్లవారుజాము షోలకి లేచి వెళ్లిన జనంలో వెయ్యి మంది చాలు, తెలుగు, తమిళ్, హిందీ ట్రాక్‌లు మూడూ వేసి రీజియన్ లాక్ లేకుండా ఒక లిమిటెడ్ ప్రెస్సింగ్ తీయడానికి. ముందే డబ్బులు కట్టించుకుని, ఆర్డర్లు నిండితేనే ప్రెస్ చేయండి, నిండకపోతే వాపసు ఇచ్చేయండి. నా ఆర్డర్ మాత్రం మొదటి రోజే పడుతుంది, ఫారెక్స్ చార్జీలు లేకుండా, యూపీఐలో.